యమహా ఆర్‌ఎక్స్ 100 కార్బురేటర్ ట్యూనింగ్: స్క్రూ ముట్టుకునే ముందు గాలి లీక్ చూడండి

ఇంట్లో నాన్నదో, బాబాయిదో పాత ఆర్‌ఎక్స్ 100 ఉందా? దాన్ని మళ్లీ రోడ్డెక్కించి ఆత్మకూరు నుంచి సోమశిల డ్యామ్ దాకా ఒక రైడ్ వేయాలని ప్లాన్ చేస్తున్నారా? అయితే ఈ ఆర్టికల్ మీకోసమే. వీడియో చూసి కార్బురేటర్ స్క్రూ తిప్పేయడం ఈజీ. కానీ ఒక్క చెక్ మర్చిపోతే దారి మధ్యలో పిస్టన్ పట్టేసి వెనక చక్రం లాక్ అయ్యే ప్రమాదం ఉంది. ఆ చెక్ ఏంటో, ట్యూనింగ్ ఏ వరుసలో చేయాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ఈ బండిలో ఈసీయూ లేదు

ఎస్కార్ట్స్ సంస్థ 1985లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 100, 1996 వరకు తయారైంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, 11 హార్స్‌పవర్. ఇప్పటి బీఎస్6 బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ పొగను చూసి చెబితే, ఈసీయూ పెట్రోల్ ఎంత పోయాలో సరిచేస్తుంది. కార్బురేటర్‌లో అలాంటిదేమీ ఉండదు. జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే పెట్రోల్. ఫోన్ కెమెరాలో ఆటో మోడ్‌కీ ప్రో మోడ్‌కీ ఉన్న తేడా అన్నమాట. ఇక్కడ సెన్సర్ మీ చెవి, కన్నే.

లీన్ అయితే ఏమవుతుంది?

గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే దాన్ని 'లీన్' అంటారు. పెట్రోల్ ఎక్కువైతే 'రిచ్'. రిచ్ అయితే పొగ, మైలేజ్ నష్టం, ప్లగ్ తడిసిపోవడం. చిరాకే కానీ ఇంజిన్ బతుకుతుంది. లీన్ అలా కాదు. టూ స్ట్రోక్‌లో లోపలికి వచ్చే పెట్రోల్ ఇంజిన్‌ని చల్లబరుస్తుంది కూడా. ట్యాంకులోనే ఆయిల్ కలిపి వాడే బండి అయితే, పెట్రోల్ తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండర్‌కి పట్టేస్తుంది.

ముందు గాలి లీక్ చెక్

కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బర్ మానిఫోల్డ్, గ్యాస్కెట్లు, రీడ్ వాల్వ్ ఉంటాయి. ముప్పై ఏళ్ల రబ్బర్‌కి సన్నటి పగుళ్లు రావడం మామూలే. ఆ పగుళ్ల నుంచి దొంగగాలి లోపలికి పోతుంది. ఆ గాలి లెక్క జెట్‌కి తెలియదు.

1. గుర్తులు: యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ స్పీడ్ వెంటనే దిగదు. ఐడిల్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉంటుంది.
2. మానిఫోల్డ్ విప్పి వేళ్లతో వంచి చూడండి. పగులు కనిపిస్తే మార్చేయడమే. బంకతో అతికిస్తే ఎక్కువ రోజులు నిలవదు.
3. లోహపు అంచు వంగిందేమో చదునైన అద్దం మీద పెట్టి చూడండి. ఊగుతుంటే, అద్దం మీద సన్న రకం ఎమెరీ పేపర్ పరిచి చదును చేయాలి. గ్యాస్కెట్ మాత్రం కొత్తదే వేయాలి.
4. రీడ్ రేకుల అంచులు విరిగాయేమో, సరిగ్గా మూసుకుంటున్నాయో వెలుతురులో చూడండి.
5. బిగించాక ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, జాయింట్ల మీద మాత్రమే కొంచెం నీళ్లు స్ప్రే చేయండి. సౌండ్ మారితే అక్కడే లీక్. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ మాత్రం ఎప్పుడూ చల్లకండి.

ఇవన్నీ బాగున్నా గుర్తులు పోకపోతే క్రాంక్ ఆయిల్ సీల్‌ని అనుమానించాలి. అది మెకానిక్ పని.

ఇప్పుడు ట్యూనింగ్

ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా, దాని బాక్స్ మూతతో సహా బిగించి ఉండాలి. సౌండ్ కోసం ఫిల్టర్ తీసేస్తే ఒకవైపు లీన్, ఇంకోవైపు మెట్ట దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి. ఇంజిన్‌ని బాగా వేడెక్కనిచ్చి మొదలుపెట్టండి.

ఐడిల్: ఎయిర్ స్క్రూని నెమ్మదిగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదలండి. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఇంజిన్ స్పీడ్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో పట్టుకోండి. తర్వాత ఐడిల్ స్క్రూతో స్పీడ్ తగ్గించండి. ఈ స్క్రూ లోపలికి తిప్పితే రిచ్, బయటకి తిప్పితే లీన్. ఒక్క చుట్టు కంటే తక్కువలోనే బాగుందంటే ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ అడుగుతోందన్నమాట. చాలామంది ఇక్కడే పైలట్ జెట్ మార్చేస్తారు. మీరు మాత్రం మళ్లీ లీక్ చెక్‌కి వెళ్లండి.

మధ్య రేంజ్: యాక్సిలరేటర్ పావు నుంచి ముప్పావు దాకా సూది పని. క్లిప్ ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేస్తుంది, అంటే రిచ్. ఒకసారికి ఒక్క గాడే మార్చండి.

ఫుల్ రేంజ్: మెయిన్ జెట్ పని. ట్రాఫిక్ లేని రోడ్డులో కాసేపు ఫుల్‌లో నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, ప్లగ్ తీసి చూడండి. గోధుమ రంగు ఉంటే ఓకే. తెల్లగా ఉంటే లీన్, జెట్ సైజ్ పెంచాలి. నల్లగా తడిగా ఉంటే రిచ్.

మన ఎండ, మన పెట్రోల్

సోమశిల రిజర్వాయర్ పూర్తి నీటిమట్టమే 330 అడుగులు. కాబట్టి నెల్లూరు నుంచి వచ్చినా ఎత్తు కోసం జెట్ మార్చే పనిలేదు. ఎండ మాత్రం లెక్కలోకి వస్తుంది. వేడి గాలి పలచన కాబట్టి మే మధ్యాహ్నం బండి కొంచెం రిచ్‌గా నడుస్తుంది. అప్పుడు లీన్‌గా సెట్ చేస్తే డిసెంబర్ తెల్లవారుజామున ఇంకా లీన్ అయిపోతుంది. అందుకే కొంచెం రిచ్ వైపే ఉంచడం సేఫ్.

ఇంకోటి, ఈ20 పెట్రోల్. కిలో మామూలు పెట్రోల్ పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి 13.5 దగ్గరే చాలు. అంటే అదే జెట్‌తో బండి కొంచెం లీన్ అవుతుంది. పాత రబ్బర్ భాగాల్ని ఇథనాల్ పాడుచేయవచ్చు కూడా. మానిఫోల్డ్, పెట్రోల్ పైపు తరచూ చూసుకోండి.

దారిలో పట్టేస్తే?

ఇంజిన్ సౌండ్ ఒక్కసారిగా మారి స్పీడ్ పడిపోతుంటే వెంటనే క్లచ్ పట్టేయండి. చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, బండిని పక్కకి తీసుకోవచ్చు. కాసేపటికి కిక్ కదిలి స్టార్ట్ అయినా 'ఏం కాలేదులే' అనుకోకండి. పిస్టన్ మీద గీతలు పడి ఉండొచ్చు, విప్పి చూపించాల్సిందే.

వరుస గుర్తుందిగా: లీక్, ఫిల్టర్, ఐడిల్, సూది, మెయిన్ జెట్. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. వెనక ఫ్రెండ్‌ని ఎక్కించుకుని సోమశిల బయల్దేరేది ఆ తర్వాతే.