ఆకాశం ఎవరిది? – ఉపగ్రహ చట్టంలోని కొన్ని ముఖ్య పదాలు



రాత్రి స్టడీ అవర్‌లో పేపరు చదువుతుంటే మాకు తరచు ఎదురయ్యే పదం 'ప్రైవేటీకరణ'. అంటే ప్రభుత్వం అమ్మేయడమేనని మాలో చాలామందిమి అనుకునేవాళ్ళం. ఇంటెల్‌శాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ సంస్థ చరిత్ర చదివాక, ఆ ఒక్క మాట వెనుక ఎన్ని చట్టపు పదాలు ఉన్నాయో తెలిసింది. పోటీ పరీక్షలు రాసేవారికీ, లా చదవాలనుకునేవారికీ పనికొస్తాయని వాటిని ఇక్కడ వివరిస్తున్నాం.

1. తీర్మానం – ఒప్పందం: ఉపగ్రహ సమాచార సౌకర్యం ప్రపంచ దేశాలన్నిటికీ వివక్ష లేకుండా అందాలని 1961 డిసెంబరు 20న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1721వ తీర్మానం చేసింది. అయితే ఇటువంటి తీర్మానం ఆశయాన్ని చెబుతుందే గాని దేశాలను చట్టపరంగా కట్టిపడేయదు. ఒప్పందం కట్టిపడేస్తుంది. 1964 ఆగస్టు 20న 11 దేశాలు తాత్కాలిక ఒప్పందంతో ఇంటెల్‌శాట్‌ను ప్రారంభించాయి. శాశ్వత ఒప్పందం 1973 ఫిబ్రవరి 12న అమలులోకి వచ్చింది.

2. పార్టీ – సిగ్నేటరీ: ఇక్కడ 'పార్టీ' అంటే రాజకీయ పార్టీ కాదు. ఒప్పందంలో చేరిన ప్రభుత్వం. 'సిగ్నేటరీ' అంటే ఆ ప్రభుత్వం తరఫున పెట్టుబడి పెట్టి, సేవలు నడిపే టెలికాం సంస్థ. మన హాస్టల్‌ను మంజూరు చేసేది ప్రభుత్వం, రోజూ నడిపేది వార్డెన్ గారు. ఇదీ అలాంటిదే. భారత ప్రభుత్వం పార్టీ కాగా, 1986 నుండి విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ సిగ్నేటరీగా ఉండేది.

3. పెట్టుబడి వాటా: ఎవరి వాడకం ఎంతో వారి వాటా అంత, ఓటు బలమూ అంతే. మొదట్లో అమెరికాకు చెందిన కామ్‌శాట్ వాటా సుమారు 61 శాతం. అందరి సంస్థ అన్నా అందరి మాటకూ ఒకే బరువు లేదన్నమాట.

4. ఇమ్యూనిటీ: అంతర్జాతీయ సంస్థకు పన్నుల నుండి, కోర్టు దావాల నుండి ఇచ్చే చట్టపరమైన రక్షణ. పోటీకి వచ్చిన ప్రైవేటు కంపెనీలు దీన్ని అన్యాయమన్నాయి. 2000 మార్చి 17న అమెరికా ఆర్బిట్ చట్టం తెచ్చి, పోటీకి అనుకూలంగా ప్రైవేటీకరణ జరగకపోతే తమ మార్కెట్‌లో ప్రవేశాన్ని పరిమితం చేస్తామని షరతు పెట్టింది.

5. ప్రైవేటీకరణ: నౌకలకు ఉపగ్రహ సేవలందించే ఇన్‌మార్‌శాట్ 1999లోనే కంపెనీగా మారింది. 2001 జూలై 18న ఇంటెల్‌శాట్ ఉపగ్రహాలు, ఆస్తులు కూడా ఒక కంపెనీకి బదిలీ అయ్యాయి. సిగ్నేటరీలు వాటాదారులయ్యారు. తరువాత ఆ కంపెనీ చేతులు మారుతూ వచ్చి, 2025 జూలైలో ఎస్‌ఈఎస్ అనే మరో ఉపగ్రహ కంపెనీ సొంతమైంది.

6. కక్ష్యా స్థానం: భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం నిలిచే చోటు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం అంతరిక్షాన్ని ఏ దేశమూ సొంతం చేసుకోరాదు. కాబట్టి ఆ చోటుపై ఉండేది వాడుకునే హక్కే గాని యాజమాన్యం కాదు. ఆ హక్కును అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌లో ఏదో ఒక దేశం ద్వారా నమోదు చేయించుకోవాలి. ఇంటెల్‌శాట్ స్థానాల నమోదు అమెరికా, బ్రిటన్ దేశాల పేరుకు మారింది.

7. ప్రజాసేవా బాధ్యత: మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పదం ఇదే. లాభం రాని పేద దేశానికి కంపెనీ సేవ ఆపేస్తే ఎలా? అందుకే ఇట్సో అనే ప్రభుత్వాల సంస్థను మిగిల్చి, కంపెనీతో ప్రజాసేవా ఒప్పందం చేయించారు. ప్రపంచమంతటికీ సేవ, ఆధారపడిన పేద దేశాలకు కొనసాగింపు, వివక్ష లేని అందుబాటు అనే మూడు సూత్రాలను కంపెనీ పాటిస్తున్నదీ లేనిదీ చూడడం ఇట్సో పని. ఆస్తి కంపెనీకి పోయినా, ఇచ్చిన మాట మాత్రం కాగితం మీద నిలిచింది. ఆ కాగితం చదివి అడిగేవారుంటేనే దానికి విలువ.

మన దేశం సంగతి: 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు వచ్చాయి. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. 1995లో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం స్పెక్ట్రమ్‌ను సాధారణంగా 'వేలం' ద్వారా ఇవ్వాలంటూనే, కొన్ని ఉపగ్రహ సేవలకు 'పాలనాపరమైన కేటాయింపు' ఉంచింది. వేలంలో ధరను పోటీ తేలుస్తుంది, కేటాయింపులో ప్రభుత్వం తేలుస్తుంది.

మిత్రులారా! ప్రభుత్వ సొమ్ముతో చదువుకుంటున్న మనకు 'వివక్ష లేని అందుబాటు' అనేది పుస్తకంలో మాట మాత్రమే కాదు. మనం ఈ హాస్టల్లో చేరగలిగింది అటువంటి మాట ఒకటి చట్టంలో ఉన్నందువల్లనే. ఏ రంగంలో ప్రైవేటీకరణ అన్నా మనం మూడు ప్రశ్నలు వేయడం నేర్చుకుందాం: ఆస్తి ఎవరికి పోయింది? బాధ్యత ఎవరి మీద ఉంది? అది తప్పితే అడిగే హక్కు ఎవరికుంది?