ఇంటి నీటికి అతినీలలోహిత శుద్ధి: పీడనమూ, ప్రవాహమూ

ఇంటిలోని కుళాయిలన్నింటికీ శుద్ధమైన నీరు అందేలా ఒకేచోట అతినీలలోహిత కిరణాల పరికరాన్ని అమర్చుకొన్న కుటుంబాలలో తరచుగా ఒక ఫిర్యాదు వినవస్తుంది. పరికరం పెట్టిన నాటి నుంచి నీటి ధార సన్నబడిందనీ, స్నానాలగదిలో షవరు సరిగా పడడం లేదనీ ఆ ఫిర్యాదు. ప్లంబరును పిలుస్తారు. అతడు పరికరం వద్ద గొట్టంలో ఇరికించి ఉన్న చిన్న రబ్బరు బిళ్లను తీసివేస్తాడు, లేదా మేడమీద పంపు బిగించి పీడనం పెంచుతాడు. ధార మళ్లీ బలంగా వస్తుంది. దీపం ఎప్పటివలెనే వెలుగుతూ ఉంటుంది. నీరు కంటికి మునుపటంత తేటగానే కనిపిస్తుంది. అయితే ఆ క్షణం నుంచి నీరు మునుపటంత సురక్షితంగా ఉందని చెప్పడానికి ఆధారం లేదు.

సూర్యకాంతి సూక్ష్మజీవులను నశింపజేస్తుందని 1877లో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు నిరూపించారు. పాదరసపు ఆవిరి దీపం వచ్చిన తరువాత, 1910లో ఫ్రాన్సు దేశపు మార్సేయ్ నగరంలో ఈ కిరణాలతో తాగునీటిని శుద్ధిచేసే ప్రయత్నం జరిగింది. నేటి గృహపరికరాలలో ఎక్కువగా వాడేది కూడ అల్పపీడన పాదరస దీపమే. అది వెలువరించే కిరణాల తరంగదైర్ఘ్యం సుమారు 254 నానోమీటర్లు. ఈ కిరణాలను సూక్ష్మజీవుల కణాలలోని జన్యుపదార్థం పీల్చుకొంటుంది. అందువల్ల జన్యుపదార్థపు గొలుసులో పక్కపక్కనే ఉన్న థైమిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొంటాయి. అలా దెబ్బతిన్న సూక్ష్మజీవి వెంటనే చావకపోవచ్చు. కాని దానికి సంతానం కలుగదు. సంతానం లేని క్రిమి మనిషి కడుపులో చేరినా రోగం కలిగించలేదు.

ఈ కార్యమంతా జరగడానికి కొంత మోతాదు కావాలి. కిరణాల తీవ్రతను నీరు వాటి ముందు గడిపిన కాలంతో హెచ్చిస్తే మోతాదు వస్తుంది. చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్ల మోతాదును గృహపరికరాలకు ప్రమాణంగా అమెరికాలో నిర్ణయించారు. సామాన్యమైన బాక్టీరియాకు ఇంత అవసరం లేదు. రోటావైరస్ వంటి మొండి జీవులను దృష్టిలో ఉంచుకొని ఈ అంకెను నిర్ణయించారు.

ఉదాహరణకు ఒక పరికరపు గదిలో 3 లీటర్ల నీరు పడుతుందనుకొందాం. నిమిషానికి 30 లీటర్ల చొప్పున నీరు ప్రవహిస్తే, ప్రతి నీటిబొట్టూ దీపం ముందు సగటున 6 సెకండ్లు ఉంటుంది. గదిలో సగటు తీవ్రత 7 మిల్లీవాట్లు అయితే మోతాదు 42 మిల్లీజౌళ్లు. ప్రవాహం నిమిషానికి 60 లీటర్లయితే నీరు ఉండేది 3 సెకండ్లే. మోతాదు 21కి దిగజారుతుంది. మోతాదు సగమైతే శుద్ధి కూడ సగమే అవుతుందని చాలామంది భావిస్తారు. లెక్క అలా నడవదు. పూర్తి మోతాదుకు పదివేల క్రిములలో ఒకటి మిగిలేటట్లయితే, సగం మోతాదుకు అదే పదివేలలో వంద మిగులుతాయి. అనగా తప్పించుకొనే క్రిముల సంఖ్య నూరురెట్లు పెరిగిందన్నమాట.

ఇందులో పీడనానికి ప్రత్యక్షంగా ఏ పాత్రా లేదు. నీరు గాలివలె నొక్కితే కుదించుకుపోయేది కాదు. ఎక్కువ పీడనంలో ఉన్న క్రిమికీ, తక్కువ పీడనంలో ఉన్న క్రిమికీ కిరణాల దెబ్బ ఒకటే. పీడనం హాని చేసేది ప్రవాహం ద్వారా. కుళాయి తెరిచిన మేర మారకుండా ఉంటే, నీటి ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. కుళాయికి 4 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు బదులు 16 మీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడినిచ్చే పంపు పెడితే పీడనం నాలుగింతలవుతుంది, ప్రవాహం రెండింతలవుతుంది, మోతాదు సగమవుతుంది. ప్లంబరు తీసిపారవేసిన ఆ రబ్బరు బిళ్ల ఈ ప్రమాదాన్ని అరికట్టడానికి ఉన్నదే. పీడనం పెరిగిన కొద్దీ అది సాగి, తన నడుమనున్న రంధ్రాన్ని తానే ఇరుకు చేసుకొంటుంది. విద్యుత్తు అక్కరలేని ఇంత చవకైన కాపలాదారు మరొకటి లేదు.

పైన చెప్పిన 6 సెకండ్లు సగటు మాత్రమే. గది లోపలి నిర్మాణం సరిగా లేకపోతే కొంత నీరు మూలల్లో సుళ్లు తిరుగుతూ నిలిచిపోతుంది, కొంత నీరు అడ్డదారిన దూసుకుపోతుంది. నూటికి తొంభైతొమ్మిది వంతుల నీటికి అవసరమైన దానికంటె పదింతల మోతాదు అందినా, మిగిలిన ఒక్క వంతు తప్పించుకొంటే, మొత్తం మీద శుద్ధి 99 శాతాన్ని మించదు. దీపం ఎన్ని వాట్లదని అడిగే కొనుగోలుదారులు చాలామంది ఉన్నారు. ఎంత ప్రవాహం వరకు దీనిని పరీక్షించారని అడిగేవారు అరుదు. అడగవలసినది రెండవ ప్రశ్న.

ఇక ధార ఎందుకు సన్నబడుతుంది? కిరణాల గది విశాలమైన గొట్టం వంటిది. అక్కడ పోయే పీడనం స్వల్పం. పీడనాన్ని తినేది దాని ముందుండే వడపోత సాధనం. మట్టి, తుప్పు రేణువులు క్రిములకు గొడుగు పడతాయి గనుక, కిరణాలకు ముందు నీటిని 5 మైక్రాన్ల ఫిల్టరు గుండా పంపడం ఆచారం. నీటిలోని ఇనుము కిరణాలను పీల్చుకోవడమే గాక, దీపాన్ని కప్పి ఉంచే స్ఫటిక గొట్టం మీద పొరగా పేరుకొంటుంది. కాఠిన్యం గల నీరు కూడ తెల్లని పెచ్చు కట్టిస్తుంది. కనుక ఫిల్టరు తప్పదు. అది మురికి పట్టిన కొద్దీ నీటికి దారి ఇరుకవుతుంది.

ఇక్కడ మన ఇళ్లకూ, ఈ పరికరాలు పుట్టిన దేశాల ఇళ్లకూ పెద్ద తేడా ఉన్నది. అక్కడ వీధి గొట్టంలోనే చదరపు సెంటీమీటరుకు 3, 4 కిలోగ్రాముల పీడనం రేయింబవళ్లు ఉండడం సామాన్యం. ఫిల్టరులో కొంత పోయినా ఇంటివారికి తెలియదు. మన దేశంలో 1999లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మార్గదర్శక గ్రంథం ఒక అంతస్తు భవనాలకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల నీటిమట్టపు పీడనం ఉండాలని సూచించింది. పది మీటర్ల మట్టం సుమారు ఒక కిలోగ్రాము పీడనానికి సమానం. ఆచరణలో నీరు రోజుకు కొన్ని గంటలే వస్తుంది. దానిని సంపులో పట్టి, మోటారుతో మేడమీది ట్యాంకుకు ఎక్కించి, అక్కడి నుంచి కిందికి వదలుతారు. ట్యాంకు 4 మీటర్ల ఎత్తున ఉంటే ఉన్న పీడనం 0.4 కిలోగ్రాము మాత్రమే. విదేశీ గృహస్థుడు గమనించని నష్టం ఇక్కడ సర్వస్వాన్నీ హరిస్తుంది.

దీనికి సరైన ఉపాయం బిళ్లను తీసివేయడం కాదు, దారిని వెడల్పు చేయడం. గొట్టంలో ప్రవాహం రెండింతలైతే పీడన నష్టం దాదాపు నాలుగింతలవుతుంది. అదే సూత్రాన్ని తిరగవేస్తే, సన్నని ఫిల్టరు బదులు లావుపాటిది పెట్టినా, రెండింటిని పక్కపక్కన అమర్చి నీటిని చెరిసగం పంచినా నష్టం బాగా తగ్గుతుంది. పంపు తప్పనిసరి అయితే, పంపు ఇవ్వగల గరిష్ఠ ప్రవాహానికి తగిన పరికరాన్నే ఎంచుకోవాలి. ఎంపికలో మరొక పొరపాటు కూడ జరుగుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురి కుటుంబానికి 675 లీటర్లు కావాలి. దానిని రోజంతటికీ పంచితే నిమిషానికి అర లీటరైనా ఉండదు. కాని ఎవరూ రోజంతా సమానంగా నీరు వాడరు. ఉదయం ఏడు గంటలకు రెండు స్నానాలగదులలోనూ, వంటింటిలోనూ ఒకేసారి కుళాయిలు తెరిస్తే ప్రవాహం 25, 30 లీటర్లకు చేరుతుంది. పరికరం ఆ నిమిషానికి సరిపోవాలి.

పరికరాన్ని ఎక్కడ పెట్టాలన్నది కూడ ముఖ్యమే. క్లోరిన్ నీటిలో కొంతకాలం మిగిలి కాపలా కాస్తుంది. కిరణాలు అలా మిగలవు. సంపుకూ ట్యాంకుకూ మధ్య పరికరం పెడితే, శుద్ధమైన నీరు మూత సరిగా లేని ట్యాంకులో తిరిగి కలుషితం కావచ్చు. అందుచేత అది ట్యాంకు తరువాతనే ఉండాలి. అక్కడ ఇంకొక చిక్కు. మేడమీది నీరు కరెంటుతో నిమిత్తం లేకుండా దిగివస్తుంది. దీపం మాత్రం కరెంటు పోగానే ఆరిపోతుంది. అప్పుడు కుళాయి తిప్పినవారికి వచ్చేది ముడినీరే. దీపం ఆరగానే తనంత తాను మూసుకొనే సోలినాయిడ్ వాల్వు ఉంటేనే మన ఊళ్లలో ఈ పద్ధతికి అర్థం.

పీడనం బొత్తిగా లేనిచోట ఏమి చేయాలన్న ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో బొంబాయిలో జన్మించిన భౌతికశాస్త్రజ్ఞుడు అశోక్ గాడ్గిల్ ఒకరు. 1992 చివరిలో మద్రాసులో తలయెత్తిన ఓ139 రకపు కలరా మరుసటి సంవత్సరం కలకత్తానూ, బంగ్లాదేశ్‌నూ చుట్టుముట్టింది. ఆ విషాదం ఆయనను అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో ఈ పనికి పురికొల్పింది. ఆయన దీపాన్ని నీటిలో ముంచలేదు. నీటి ఉపరితలానికి పైన వేలాడదీసి, నీరు పల్చగా దాని కింద పారేటట్లు చేశారు. అందుచేత స్ఫటిక గొట్టమూ, దానిపై పేరుకొనే పెచ్చూ రెండూ లేకుండా పోయాయి. చేతిపంపు నుంచి తెచ్చిన నీటిని కూడ పోయవచ్చు; గురుత్వాకర్షణ ఒక్కటే చాలు. నిమిషానికి సుమారు 15 లీటర్లను శుద్ధిచేసే ఆ పరికరం ఆధారంగా ఏర్పడిన జలకేంద్రాలు తరువాతి కాలంలో కృష్ణా జిల్లా గ్రామాలలోనూ పనిచేశాయి.

ఈ కిరణాలు క్రిములను తప్ప మరి దేనినీ తాకవు. నల్గొండ నీటిలోని ఫ్లోరైడ్, బెంగాల్ నీటిలోని ఆర్సెనిక్ దీపం ముందు నుంచి వచ్చినవి వచ్చినట్లే వెళ్లిపోతాయి. వాటికి వేరే చికిత్స కావాలి.

దీపం వెలుగుతున్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్లు కాదు. కంటికి కనిపించే నీలికాంతి వేరు, క్రిములను సంహరించే కిరణం వేరు. సుమారు 9,000 గంటలకు, అనగా దాదాపు ఏడాదికి, దీపాన్ని మార్చడం సాధారణ నియమం. ప్రవాహాన్ని కొలవడానికి మాత్రం ఒక బకెట్టు, ఒక గడియారం చాలు. 15 లీటర్ల బకెట్టును పరికరం తరువాతి గొట్టం కింద పెట్టి, వాల్వును పూర్తిగా తెరవాలి. అది 30 సెకండ్లలో నిండితే ప్రవాహం నిమిషానికి 30 లీటర్లు. పరికరం మీద ముద్రించిన అంకె అంతకంటె తక్కువగా ఉంటే నీరు దీపం ముందు నిలవవలసినంత సేపు నిలవడం లేదు. ఈ పరీక్షను ఫిల్టరు కొత్తగా మార్చిన రోజున చేయాలి. మురికి పట్టిన ఫిల్టరు ప్రవాహాన్ని తగ్గించి, లేని భద్రత ఉన్నట్లు చూపుతుంది.