గ్రావెల్ క్వారీ తనిఖీ: వాననీటి దారి చూడడం ఎలా?

గ్రావెల్ క్వారీ నడపడానికి గాని, అందులో పనిచేసే ప్రొక్లెయిన్, టిప్పరు కొనడానికి గాని బ్యాంకు ఋణం కోరే మిత్రులు కొటేషన్లు, లీజు పత్రాలు శ్రద్ధగా సమకూర్చుకుంటారు. గుంటలో పడిన వాన నీరు ఎటు పోతుందని అడిగితే మాత్రం, ‘అదే ఇంకిపోతుంది కదండీ’ అంటారు. తెలంగాణ జిల్లాలలో మొరం గుంటల వద్ద కూడా ఇదే జవాబు వింటాము.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో ఒక క్వారీని ఏప్రిల్ నెలలో తనిఖీ చేశాను. కాగితాలు సక్రమంగా ఉన్నాయి. గుంట అడుగు ఎండి, గట్టిగా ఉంది. ‘సంతృప్తికరం’ అని వ్రాసి వచ్చాను. ఆగస్టులో గట్టు తెగి, ఎర్రనీరు దిగువనున్న చెరువు కాలువలోకి దిగింది, కాలువ పూడిపోయింది. ఆయకట్టు రైతులు టిప్పర్ల దారికి అడ్డంగా బండ్లు నిలిపారు. పని ఆగింది, దానితో వాయిదాలూ ఆగాయి. ఆ రైతులలో మా శాఖ వద్ద పంట ఋణం తీసుకున్నవారూ ఉన్నారు. తప్పు క్వారీదారుది మాత్రమే కాదు. గుంటలోకి దిగి చూసిన నేను గుంట దిగువకు నడవలేదు.

ముందుగా చిన్న లెక్క వేసుకుందాం. ఎకరం విస్తీర్ణం గల గుంటపై 5 సెంటీమీటర్ల వాన కురిస్తే సుమారు 2 లక్షల లీటర్ల నీరు చేరుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లతో తోడితే 40 ట్యాంకర్లు కావాలి. గుంటకు ఎగువన 4 ఎకరాల వాలు నేల ఉండి, దానిపై పడిన వానలో సగమే పారి వచ్చినా మరో 4 లక్షల లీటర్లు తోడవుతాయి. అంటే మొత్తం 6 లక్షల లీటర్లలో మూడింట రెండు వంతులు మన గుంటలో పడిన వాన కానే కాదు. దానిని లోనికి రానీయకపోవడమే తెలివైన పని. గుంట పై అంచు చుట్టూ దండవలె త్రవ్వే కాలువ, అంటే గార్లాండ్ డ్రెయిన్, అందుకోసమే. దీనికయ్యే ఖర్చు పంపుసెట్టు ఖర్చుతో పోలిస్తే స్వల్పం. అయినా మన క్వారీలలో ఎక్కువగా అలక్ష్యానికి గురయ్యేది ఇదే!

కాబట్టి తనిఖీని ఎగువ నుండి ప్రారంభించండి. కాలువకు వాలు ఉన్నదీ లేనిదీ కంటితో తేల్చవద్దు. మేస్త్రీలు మట్టం చూసే నీటి గొట్టంతో కొలవండి. కాలువలో పొదలు మొలిచి ఉంటే, టిప్పరు దారి కోసం ఎక్కడైనా పూడ్చి ఉంటే, అది కాగితంపై ఉన్న కాలువ మాత్రమే. త్రవ్వి తీసిన పై మన్ను కాలువ ఒడ్డునే కుప్ప పోస్తే తొలి వానకే అందులోకి జారుతుంది.

తరువాత గుంటలోకి దిగండి. వేసవిలో సైతం గోడలు నిరుటి కథ చెబుతాయి. ఎర్రమరక గీత ఎంత ఎత్తున ఉన్నదో, నీరు అంత ఎత్తున నిలిచిందన్నమాట. గోడ నిట్టనిలువుగా ఉంటే నానిన గ్రావెల్ విరిగిపడుతుంది. 1961 నాటి లోహ గనుల నియమావళి ఇటువంటి నేలలో గోడ వాలు 45 డిగ్రీలకు మించరాదని, లేదా ఒక్కొక్క మెట్టు ఎత్తు 1.5 మీటర్లకు మించక, వెడల్పు ఎత్తుకు తగ్గక ఉండాలని నిర్దేశించింది. మే నెలలో సైతం అడుగున నీరు ఊరుతూ ఉంటే అది భూగర్భజలం. దానిని తోడితే పక్క రైతుల బావులు దిగిపోవచ్చు. త్రాడుకు రాయి కట్టి సమీప బావిలో నీటిమట్టం కొలిచి, తేదీతో వ్రాసి ఉంచుకోండి.

గుంట నీటిని నేరుగా కాలువలోకి వదలరాదు. ముందుగా ఒండ్రు దిగే గుంటలో నిలపాలి. ఆ నీటిని గాజుసీసాలో పట్టి ఒక పక్కన పెట్టండి. ఇసుక క్షణాలలో అడుగుకు చేరుతుంది. సన్నని బంకమన్ను రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. మరునాడు కూడా సీసా ఎర్రగా ఉంటే మీ గుంట చాలదని గ్రహించండి. ఒక గుంట స్థానే వరుసగా రెండు ఏర్పాటు చేసి, పూడికను ఏటా వానలకు ముందే తీయించండి. ఆపై దిగువకు, చెరువు కాలువ దాకా, నడవండి. తూము వద్ద ఉండే రైతును పలకరిస్తే ఏ రికార్డులోనూ లేని విషయాలు తెలుస్తాయి.

పత్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 5 హెక్టార్లకు లోబడిన చిన్న తరహా ఖనిజ లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో ఆదేశించింది. 2006 నాటి ప్రకటన ప్రకారం షరతుల అమలుపై అర్ధసంవత్సర నివేదికలు జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు సమర్పించాలి. మీ అనుమతి పత్రంలో నీటికి సంబంధించిన షరతుల క్రింద గీత గీసి, ఆ పేజీని చేత పట్టుకొని క్వారీ చుట్టి రండి.

డీలరు మిత్రులకు ఒక విన్నపం. పంపుకు కొటేషన్ ఇచ్చేటప్పుడు హార్స్‌పవర్ మాత్రమే వ్రాయక, ఆ గుంట లోతు నుండి సెకనుకు ఎన్ని లీటర్లు తోడగలదో కూడా వ్రాయండి. సెకనుకు 10 లీటర్లు తోడే పంపుకు పై లెక్కలోని 2 లక్షల లీటర్లకు సుమారు ఐదున్నర గంటలు పడితే, 6 లక్షలకు దాదాపు 17 గంటలు పడుతుంది. ఆ తేడా డీజిలు ఖర్చులో కనబడుతుంది.

ఋణం ఇచ్చిన తరువాత మేము మరల తనిఖీకి వస్తాము. ఎండ కాసే రోజున రమ్మనకండి. జూలైలో పెద్ద వాన కురిసిన మరునాడు శాఖకు కబురు చేయండి; బురదలో నడవడం మాకు అలవాటే.