రివాల్వరుకు తోలు ఒర

కౌబాయ్ సినిమాలంటే నాకు ప్రాణం. హీరో తొడమీద వేలాడే తోలు ఒర ఆ కాలం నాటిదే అనుకునేవాణ్ణి. కాదు! దాని పేరు 'బస్కాడెరో'. 1920లలో పుట్టి, సినిమాల పుణ్యమా అని పేరుకెక్కింది.

అసలు పాత ఒరలు వేరు. 1850లలో, కాలిఫోర్నియా బంగారు వేట రోజుల్లో వచ్చిన 'స్లిమ్ జిమ్' సన్నగా, తుపాకీని అంటుకున్నట్టు ఉండేది. 1870లలో వచ్చిన 'మెక్సికన్ లూప్' నాకు బాగా నచ్చింది. తోలు ముక్కనే వెనక్కి మడిచి, ఆ మడతకు గాట్లు పెట్టి, ఒరను వాటిలోంచి దూరుస్తారు. మడతలోంచి బెల్టు పోతుంది. ఒర నడుము దగ్గరే, పైకి ఉంటుంది. పశువుల వెంట పరుగెత్తేవాడికి తొడమీద బరువు ఊగితే ఎలా? ఈ సంగతి మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు.

ఇక కెమిస్ట్రీ. చెట్టు బెరడులోని టానిన్ చర్మంలోని కొల్లాజెన్‌తో కలిసి కుళ్ళకుండా కాపాడుతుంది. మన వైపు తంగేడు బెరడు వాడేవారు. అలా పదును చేసిన తోలును తడిపి తుపాకీమీద ఒత్తితే, ఆరాక ఆ ఆకారమే నిలుస్తుంది. తాత మోటతోలుకు ఆముదం ఎందుకు పట్టించేవాడో ఇప్పుడర్థమైంది: నూనె లేకపోతే పోగులు అతుక్కుని తోలు పెళుసెక్కుతుంది.

ఇంత చేసీ తుపాకీని ఒరలోనే దాచకూడదట. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఇనుము తుప్పు పడుతుంది.