ప్రేగు తిత్తులు – కడుపు బాధలు

వయస్సు మీరినవారికి మలబద్ధము, కడుపుబ్బరము వంటి బాధలు కలుగుట మన గ్రామములలో సర్వసాధారణము. ఇట్టివారు పట్టణమునకు పోయి స్కానింగు చేయించుకొన్నప్పుడు, "పెద్దప్రేగులో డైవర్టిక్యులాలు ఉన్నవి" అని తేలినచో, తమ బాధలన్నిటికిని అవియే మూలమని తలచి భయపడుదురు. ఇట్టి వేళ సలహాకై పంచాయతీ సభ్యుల కడకు వచ్చువారు కలరు. కావున సభ్యులకు ఈ విషయమును వివరింపదలచితిమి.

పెద్దప్రేగు గోడలోనికి రక్తనాళములు చొచ్చుకొనిపోవు తావులు బలహీనముగా నుండును. అచట లోపలిపొర వెలుపలికి ఉబ్బి చిన్న చిన్న తిత్తులుగా ఏర్పడును. ఇవియే డైవర్టిక్యులాలు. వయస్సుతోపాటు ఇవి హెచ్చును. వీరిలో అధికసంఖ్యాకులకు జీవితాంతము వీనివలన ఏ బాధయు కలుగదు.

మరి మలబద్ధము మాటేమి? ఆహారములో పీచు లోపించుటయే తిత్తులకు కారణమని 1971లో పెయింటర్, బర్కిట్ అను వైద్యులు ప్రతిపాదించిరి. మలము గట్టిపడి ప్రేగులో ఒత్తిడి హెచ్చునని వారి భావము. కాని 2013లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో మలబద్ధమునకును తిత్తులకును సంబంధము కానరాలేదు. తిత్తులు లేనివారికిని ఉబ్బరము, మలబద్ధము కలుగుచునే యున్నవి. రెండును ఒకే మనిషిలో నున్నంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని నిశ్చయింపరాదు. నెపమంతయు తిత్తులపై మోపి ఊరకున్నచో థైరాయిడ్ లోపము, వాడుచున్న మందులు, ఒక్కొక్కప్పుడు ప్రేగు క్యాన్సరు వంటి అసలు కారణము మరుగున పడవచ్చును.

అయితే కొన్ని లక్షణములను ఉపేక్షింపరాదు. తిత్తి వాచినచో పొత్తికడుపులో విడువని నొప్పి, జ్వరము కలుగును. తిత్తివద్ద రక్తనాళము చిట్లినచో నొప్పి లేకయే మలద్వారమునుండి విస్తారముగా రక్తము పోవును. దీనిని "వేడి చేసినది", "మొలలు" అని సరిపెట్టుకొని నాటుమందులతో కాలము గడుపుట ప్రాణాపాయకరము. తక్షణమే 108 వాహనమును పిలిపింపవలెను. మలవిసర్జన తీరు మారి అట్లే కొనసాగినను, కారణము లేక బరువు తగ్గినను వైద్యునికి చూపవలెను.

జొన్నలు, రాగులు, ఆకుకూరలు, తగినంత నీరు మలబద్ధమును తగ్గించును. ఏర్పడిన తిత్తులను మాత్రము మాన్పజాలవు. గింజలు తినరాదను భయమును అక్కరలేదు. 47,000 మందికి పైగా పురుషులను 18 సంవత్సరములు పరిశీలించి 2008లో ప్రకటించిన అమెరికా అధ్యయనములో మొక్కజొన్న, గింజల వలన హాని కనబడలేదు.

అనవసరమైన భయమును పోగొట్టుట, అవసరమైనప్పుడు జాగుసేయక ఆసుపత్రికి పంపుట, ఈ రెండును సభ్యులు తమ గ్రామములలో నిర్వహింపవలసిన సేవలని మనవి చేయుచున్నాము.