ముందు గేటు చూడు, తర్వాత బోర్డు చూడు

చి. అమ్మడికి,
తాడేపల్లిగూడెం నుంచి పెద్దమ్మ దీవెనలు.

మొన్న ఫోనులో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక పెట్టేశాను. అందుకే తీరుబడిగా కూర్చుని రాస్తున్నాను. ఊళ్లో హైస్కూలువాళ్లు బాబుని ఒకరోజు పంపమంటారు, మర్నాడు వచ్చి తీసుకెళ్లమంటారు. అల్లుడుగారేమో హైదరాబాదులో హాస్టలు చూద్దామంటున్నారు. నా మాట ముందే చెప్పేస్తున్నాను. బాబుని హాస్టల్లో వెయ్యొద్దు. వాడికి పట్టుమని పది మాటలు లేవు. ఎవరైనా కొట్టినా, అన్నం పెట్టకపోయినా నీకు చెప్పుకోలేడు. సాయంత్రానికి ఇల్లు చేరే బడి కావాలి వాడికి.

ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేశాను కదా, నా క్లాసులోనూ ఇలాంటి పిల్లాడు ఒకడుండేవాడు. ఆటిజం అన్న మాట అప్పట్లో మాకు తెలియదు. గంట మోగితే చాలు, చెవులు మూసుకుని బల్ల కిందకి దూరేవాడు. పొగరనుకుని రెండుసార్లు గోడ దగ్గర నిలబెట్టాను. ఆ తప్పు నాదే. మా అటెండరు ఒకరోజు గంట వేళకి ముందే వాణ్ణి వరండాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్క దగ్గరకి తీసుకెళ్లాడు. సుత్తి వాడి చేతికిచ్చి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి కొట్టించాడు. వాడు ఇనుము వణుకు ఆగేదాకా అరచెయ్యి దానికి ఆనించి అలాగే నిలబడ్డాడు. ఆ వారం నుంచి గంట కొట్టడం వాడి పనే. మళ్లీ బల్ల కిందకి దూరలేదు. నువ్వు వెతకాల్సింది ఆ అటెండరు లాంటి మనిషిని.

అందుకని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి చెప్పే కబుర్లు విని వచ్చెయ్యకు. మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్లు. పిల్లాడు అరుస్తుంటే వాడి దగ్గరకి ఎవరు వెళ్తున్నారో, ఎలా వెళ్తున్నారో చూడు. ప్రత్యేక బడి అయితే టీచరుకి పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) రిజిస్ట్రేషను ఉందా అని మొహమాటపడకుండా అడుగు. పద్నాలుగేళ్లవాడికి ఇంకా అఆలు దిద్దించడమే పనిగా పెట్టుకున్న బడి వద్దు. వాడికి నూనూగు మీసాలు వస్తున్నాయి. స్నానం, బట్టలు మార్చుకోవడం, ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో తెలుసుకోవడం, కొట్టుకెళ్లి డబ్బులిచ్చి సబ్బు తేవడం, కావలసింది బొమ్మ చూపించి అడగడం, ఇవి నేర్పాలి. బొమ్మల కార్డులు అలవాటైతే ఉన్న నాలుగు మాటలూ పోతాయని మీ అత్తగారు భయపడుతున్నారన్నావు. పోవు. కొందరికి వాటివల్లే మాట పెరుగుతుంది.

ఇంకో సంగతి, నాకు నిద్రపట్టనివ్వనిది. బాబుకి నీళ్లంటే ప్రాణం. మీదేమో కొల్లేటి ఊరు. ఎటు చూసినా చేపల చెరువులు, కాలవలు. ఇల్లో బడో దాటి వెళ్లిపోయి చనిపోయిన ఆటిజం పిల్లల్లో ఎక్కువమంది నీళ్లలో మునిగిపోయినవాళ్లేనని అమెరికాలో పరిశోధనలు చేసి చెప్పారు. మన ఊళ్లకి ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ప్రహరీ లేకుండా చెరువుగట్టును ఆనుకుని ఉన్న బడి ఎంత మంచిదైనా వద్దు. గేటు గొళ్లెం ఎవరు చూసుకుంటారో, ఆటో ఎక్కించేదెవరో అడుగు. అల్లుడుగారిని దగ్గరుండి ఈత నేర్పించమను. ఈత వచ్చినా సరే, కళ్లు మాత్రం వాడి మీదే ఉండాలి.

ఇక హైస్కూలు సంగతి. తీసుకెళ్లమన్నప్పుడల్లా తల దించుకుని తీసుకొచ్చెయ్యకు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షను ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్లదాకా దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక బడిలోగానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. ఎందుకు వద్దంటున్నారో కాగితం మీద రాసిమ్మను. వైకల్యం శాతం ఉండే సదరం సర్టిఫికెట్టు భద్రంగా ఉంచు. పేరు హైస్కూల్లోనే ఉంచి, మండలంలోని భవిత కేంద్రానికి తీసుకెళ్లడం నాకు నచ్చిన దారి. అక్కడి ఐ.ఈ.ఆర్.టి. టీచర్లు ఇలాంటి పిల్లల కోసమే ఉన్నారు. హైస్కూలు స్థాయిలో పదిహేను మందికో ప్రత్యేక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మనకి మాత్రం ఒకరిద్దరే మండలమంతా చూసుకోవాలి. కాబట్టి వాళ్లు నేర్పింది నువ్వు ఇంట్లో రోజూ చేయించాలి.

హైదరాబాదుకి హాస్టలు కోసం వద్దన్నానుగానీ, ఒక్కసారి సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థకి మాత్రం తీసుకెళ్లు. వాడు ఏం చెయ్యగలడో, ఎలా నేర్పాలో పరీక్షించి రాసిస్తారు. ఆ కాగితం ఏ బడివాళ్ల చేతిలో పెట్టినా పని మొదలవుతుంది.

నా దగ్గర ఉంచి గూడెంలో చదివించనా అని అడిగావు. కడుపులో పెట్టుకుని చూసుకుంటాను, ఆ మాటకి తిరుగులేదు. కానీ 2022 ఏప్రిల్లో మీ కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది, గూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. ఇక్కడ చేర్చితే ప్రతి కాగితానికీ జిల్లా కేంద్రమైన భీమవరం తిరగాలి. పైగా వాడికి నువ్వు కనపడకపోతే అన్నం సయించదు. అందుకే ఇప్పుడొద్దంటున్నాను.

సోమవారం పొద్దున్నే బస్సెక్కి ఆకివీడు మీదుగా వస్తాను. బాబు ఫైలు తీసి ఉంచు. ఇద్దరం కలిసి భవిత కేంద్రానికి వెళ్దాం.

ఉంటాను,
నీ పెద్దమ్మ