కలివి కోడి నేర్పే సైన్స్ పాఠం



సంక్రాంతి సెలవులకు మీలో చాలామంది పిల్లల్ని నేలపట్టుకో, పులికాట్‌కో, సఫారీకో తీసుకెళ్తుంటారు. తిరిగొచ్చాక కొందరు పిల్లలు "ఏమీ కనిపించలేదు టీచర్" అంటారు. ఈ నెల పాఠం ఆ మాట గురించే.

1840ల్లో నెల్లూరులో జెర్డన్ అనే డాక్టర్ సివిల్ సర్జన్‌గా పనిచేశారు. పక్షులంటే ఆయనకు ప్రాణం. మన జిల్లాకు పడమట ఉన్న తూర్పు కనుమల్లో ఆయనకు దొరికిన ఒక పక్షిని 1848లో కొత్త జాతిగా నమోదు చేశారు. ఇంగ్లిష్‌లో జెర్డన్స్ కోర్సర్, మన తెలుగులో కలివి కోడి. తీతువు కంటే కాస్త చిన్నది. రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలు ఉంటాయి.

1900 తర్వాత ఆ పక్షి శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల ప్రాంతంలో ఊరూరా వాకబు చేస్తుండగా, రెడ్డిపల్లి దగ్గర స్థానికుడు ఒకాయన రాత్రి టార్చ్ వెలుగులో ఒక పిట్టను పట్టి తెచ్చాడు. అది కలివి కోడే!

86 ఏళ్లు ఎందుకు కనిపించలేదు? జవాబు చెప్పే ముందు మీ పిల్లల్ని ఆలోచించనివ్వండి.

1. సమయం: అది రాత్రి తిరిగే పక్షి. పగలు వెతికితే దొరకదు.

2. చోటు: అది ఉండేది దట్టమైన అడవిలో కాదు, మనం "పనికిరాని ముళ్లపొదలు" అనుకునే చిట్టడవిలో.

3. మనుషులు: అక్కడివాళ్లకు దాన్ని పిలవడానికి ఒక పేరుంది. వాళ్లను అడిగినప్పుడే ఆచూకీ దొరికింది.

తర్వాత దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అయినా ఈ రోజుకీ అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో ఒకటి. ఆ పొదలు నరికేస్తే దానికి వేరే ఇల్లు లేదు.

ఇంట్లో చేయించండి

పక్షిని చూడకుండానే దాని జాడ తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారి కాలిగుర్తులు చూసేవారు. మీరూ సాయంత్రం పెరట్లోనో, ఇంటి పక్క ఖాళీ స్థలంలోనో రెండు అడుగుల మేర సన్నటి ఇసుక చదును చేయండి. పొద్దున్నే ఏ గుర్తులున్నాయో పిల్లలతో బొమ్మ వేయించండి. అవి ఎవరివో, ఎటు వెళ్లాయో ఊహించమనండి. ఐదు రోజుల బొమ్మలు సైన్స్ నోట్‌బుక్‌లో అతికించి పంపండి.

పులికాట్ వెళ్తే ఒక పని చేయండి. పడవ నడిపే అన్నను, చేపలు పట్టే తాతను "ఈ పిట్టను మీరేమంటారు?" అని పిల్లల చేతే అడిగించండి. పెలికాన్ స్పెల్లింగ్ మేం నేర్పుతాం. అదే గూడబాతు అని మాత్రం ఆ నీళ్ల దగ్గర బతికేవాళ్ల నోట వింటేనే పిల్లలకు గుర్తుంటుంది. ఆ పేర్లు అడిగేవాళ్లు లేకపోతే, అవీ కలివి కోడిలాగే కనిపించకుండా పోతాయి.